గేమ్ కన్సోల్‌నే రోజువారీ కంప్యూటర్‌గా వాడుతున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా?

కొత్తమీట
లాప్‌టాప్ మదర్‌బోర్డు పోయింది. బాగుచేయించడానికి అయ్యే ఖర్చుకి ఇంచుమించు ఇంకోటి వస్తుందట. ఇంట్లో ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్ ఉంది, పెద్ద టీవీ ఉంది, యూఎస్‌బీ కీబోర్డు, మౌస్ ఉన్నాయి. నా అవసరాలు కూడా పెద్దవేం కావు. మెయిల్ చూసుకోవాలి, డాక్యుమెంట్లు రాసుకోవాలి, బిల్లులు కట్టాలి, అప్పుడప్పుడూ ఆన్‌లైన్ ఫారాలు నింపి స్కాన్ చేసిన కాగితాలు ఎక్కించాలి. ఎనిమిది కోర్ల ప్రాసెసరు, 10 జీబీ ర్యామ్ ఉన్న డబ్బా టీవీ కింద ఊరికే పడి ఉంటే, నేను ఫోన్ తెర మీద బొటనవేళ్లతో మూడు పేజీల దరఖాస్తు కొడుతున్నాను. చాలా చిరాగ్గా ఉంది. దీంతో రోజూ పని నడిపేవాళ్లు ఉంటే చెప్పండి. "కొత్త లాప్‌టాప్ కొను" అని మాత్రం అనకండి, ఆ దారి ఉందని నాకూ తెలుసు.

అర్ధరాత్రి_ఆట
కొత్త లాప్‌టాప్ కొను.

అర్ధరాత్రి_ఆట
సరదాకి అన్నా, కోప్పడకు. ఎడ్జ్ బ్రౌజర్ తెరువు. 2021లో క్రోమియం (క్రోమ్ బ్రౌజర్‌కీ అదే పునాది) మీద కట్టిన ఎడ్జ్ వచ్చినప్పటి నుంచి కీబోర్డు, మౌస్ రెండూ అందులో బాగానే పనిచేస్తున్నాయి. గూగుల్ డాక్స్, మెయిల్ అన్నీ తెరుచుకుంటాయి.

తీగలచిక్కు
పైన చెప్పింది నిజమే, కానీ సగమే. బ్రౌజర్‌లో మొదలై బ్రౌజర్‌లోనే ముగిసే పని అయితే హాయిగా అవుతుంది. ఆ గీత దాటిన పని ఏదైనా అక్కడే ఆగిపోతుంది. మన ఫైళ్లు పెట్టుకోవడానికి మామూలు ఫోల్డర్ లాంటిది లేదు. ప్రింటర్ కలపలేం. బ్రౌజర్‌కి ఎక్స్‌టెన్షన్లు వేసుకోలేం. కాబట్టి మీ జాబితాలో మెయిలు, డాక్యుమెంట్లు, బిల్లులు అవుతాయి. స్కాన్ కాగితాలు ఎక్కించే దగ్గర మాత్రం ఇరుక్కుంటారు.

కొత్తమీట
నిన్న రాత్రి కూర్చున్నాను. డాక్స్ తెరుచుకుంది, టైపింగ్ కూడా సాఫీగానే ఉంది. కానీ అక్షరాలు చూడలేకపోతున్నా. నల్లవి ఫరవాలేదు. నీలం లింకులు, ఎర్రగా మార్క్ చేసిన మాటలు మాత్రం అంచులు అలుక్కుపోయినట్టున్నాయి. తెలుగులో ఒత్తులైతే కిందకి కారిపోయినట్టు కనిపిస్తున్నాయి. కళ్లకి ఏమైనా అయిందేమోనని భయపడ్డా.

గాజుతెర
మీ కళ్లకి ఏం కాలేదు, అది టీవీ చేస్తున్న పని. వీడియో సిగ్నల్‌లో వెలుతురు సమాచారం ప్రతి పిక్సెల్‌కీ విడిగా వస్తుంది. రంగు సమాచారాన్ని మాత్రం పొదుపు కోసం కుదిస్తారు. 4:2:2 అంటే పక్కపక్కన ఉన్న రెండు పిక్సెళ్లకి ఒకే రంగు, 4:2:0 అంటే నాలుగింటికి కలిపి ఒకటి. సినిమా చూస్తే తేడా తెలియదు. ఒక పిక్సెల్ మందం గీతలున్న అక్షరం దగ్గర అంతా బయటపడుతుంది. నలుపు తెలుపుల తేడా వెలుతురులోనే ఉంటుంది కాబట్టి ఆ అక్షరాలు బాగుంటాయి. నీలం, ఎరుపు అక్షరాలు అలికినట్టు అవుతాయి. మీరు చూసింది అచ్చంగా ఇదే.

చేయాల్సింది: టీవీ సెట్టింగుల్లో ఆ హెచ్‌డీఎంఐ పోర్టు పేరుని "పీసీ" అని మార్చండి. చాలా టీవీలు పేరు మార్చగానే 4:4:4కి, అంటే ప్రతి పిక్సెల్‌కీ దాని రంగు దానికే ఉండే పద్ధతికి వెళ్తాయి. కొన్నింటిలో పేరుతో పాటు పక్కనుండే చిన్న బొమ్మ (ఐకాన్) కూడా పీసీది ఎంచుకోవాలి. తర్వాత ఎక్స్‌బాక్స్‌లో వీడియో మోడ్స్‌లోకి వెళ్లి 4:2:2 అనుమతించే టిక్కు తీసేయండి. టీవీలో "షార్ప్‌నెస్" కూడా బాగా తగ్గించండి. అది ఎక్కువుంటే ప్రతి అక్షరం చుట్టూ తెల్ల గీత పుడుతుంది. తెర అంచులు కోసుకుపోతుంటే ఓవర్‌స్కాన్ ఆపేయాలి. కొన్ని టీవీల్లో దాన్ని "జస్ట్ స్కాన్" అంటారు, కొన్నింట్లో "స్క్రీన్ ఫిట్" అంటారు.

మీది ఓఎల్ఈడీ టీవీ అయితే ఇంకో జాగ్రత్త ఉంది. కదలని పట్టీలు గంటల తరబడి ఒకే చోట ఉంటే వాటి మచ్చ తెర మీద మిగిలిపోయే ప్రమాదం ఉంది. వెలుతురు తగ్గించి వాడండి.

కొత్తమీట
@గాజుతెర గారూ, పేరు మార్చగానే తెర ఒక్కసారి నల్లబడి మళ్లీ వచ్చింది. ఒత్తులు సూదిలా నిలబడ్డాయి! ఇది ఎక్కడా రాసి ఉండదేంటండీ?

లినక్స్‌తమ్ముడు
మంచి డబ్బా కొని ఒక బ్రౌజర్ కిటికీ కోసం ఇంత అవస్థ. ఒకప్పుడు ఇది అధికారికంగానే కుదిరేది. ప్లేస్టేషన్ 3 మెనూలోనే "వేరే ఓఎస్ పెట్టుకో" అని ఉండేది. అందులో లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకుంటే అచ్చంగా కంప్యూటరే. తీసేశారు.

పాతసరుకు
తమ్ముడు చెప్పినదానికి వెనక కథ కొంత ఉంది. అసలు దీనికంటే ముందే ప్లేస్టేషన్ 2కి సోనీయే లినక్స్ కిట్ అమ్మింది, 2002లో. 40 జీబీ హార్డ్ డిస్కు, నెట్‌వర్క్ అడాప్టరు, కీబోర్డు, మౌస్, మానిటర్‌కి కలిపే వైరు, డిస్కులు అన్నీ ఒకే పెట్టెలో వచ్చేవి. కన్సోల్‌లో ర్యామ్ మాత్రం 32 ఎంబీయే. ప్రోగ్రామింగ్ నేర్చుకునేవాళ్లకి అది బంగారం. యూరప్‌లో 2000లో కన్సోల్‌తో వచ్చిన డెమో డిస్కులో యాబేసిక్ అనే చిన్న ప్రోగ్రామింగ్ భాష కూడా పెట్టారు. దిగుమతి సుంకం లెక్కలో కన్సోల్‌ని కంప్యూటర్‌గా చూపించడానికే అలా చేశారని అప్పట్లో అందరూ అనుకున్నారు.

ఇక పీఎస్3. 2006 నవంబరులో వచ్చింది, మొదటి నుంచీ "అదర్ ఓఎస్" ఉంది. యెల్లో డాగ్ లినక్స్ వేసుకునేవాళ్లు. 2009లో వచ్చిన స్లిమ్ మోడల్లో ఆ ఎంపిక లేదు. 2010 జనవరిలో ఒక హ్యాకర్ ఆ లినక్స్ వైపు నుంచే లోపలి కాపలా సాఫ్ట్‌వేరుని దాటాడు. అదే ఏడాది ఏప్రిల్ 1న వచ్చిన 3.21 అప్‌డేట్‌తో పాత మోడళ్లలోనూ తీసేశారు. అప్‌డేట్ వద్దనుకుంటే ఆన్‌లైన్ ఆటలు ఉండవు, వేసుకుంటే లినక్స్ ఉండదు. అమెరికాలో కేసు వేశారు, అది ఏళ్ల తరబడి నడిచి చివరికి పరిహారంతో సెటిల్ అయింది.

డబ్బు కట్టి కొన్న వస్తువులో ఉన్న సౌకర్యం తర్వాత పోవచ్చన్న సంగతి నాకు అప్పుడే బాగా అర్థమైంది. కన్సోల్‌ని ఏకైక కంప్యూటర్‌గా పెట్టుకోవాలా అని ఎవరడిగినా నేను ముందు చెప్పేది ఇదే.

నెమలికంటి
నేను ఒప్పుకోను. మా ఇంట్లో కన్సోల్ ఏళ్ల తరబడి ఒక్క వైరస్ లేకుండా నడుస్తోందంటే కారణం బయటి సాఫ్ట్‌వేరు వేయనివ్వని ఆ తాళమే. పిల్లలు ఏం నొక్కినా పాడవదు. ఇంట్లో విండోస్ కంప్యూటర్‌కి నేను చేసే సేవలో పదోవంతు కూడా దానికి చేయను. అన్నీ తెరిచిపెడితే అది ఇంకో పీసీ అవుతుంది, దానికీ అవే తలనొప్పులు వస్తాయి.

లినక్స్‌తమ్ముడు
@నెమలికంటి తాళం ఉండటంతో నాకు పేచీ లేదు మేడమ్. తాళంచెవి కొన్నవాడి దగ్గర ఉండాలంటున్నా. మెనూలో లోపలెక్కడో ఒక స్విచ్ ఉంటే, అక్కర్లేనివాళ్లు దాని జోలికే వెళ్లరు కదా.

నెమలికంటి
ఆ స్విచ్ దారినే హ్యాకర్ వచ్చాడని పాతసరుకు గారు ఇప్పుడే రాశారు.

పాతసరుకు
ఇద్దరూ సరిగ్గానే చెప్తున్నారు. మూడో కోణం కూడా ఉంది. పీఎస్3ని మొదట్లో తయారీ ఖర్చు కంటే తక్కువకే అమ్మారు, ఆ లోటు ఆటల మీద రాబట్టుకోవాలి. కన్సోల్ కొని ఆటలే కొననివాడు వాళ్లకి నష్టం. అమెరికా ఎయిర్‌ఫోర్స్ పరిశోధన విభాగం 2010లో 1,760 పీఎస్3లు కలిపి కాండోర్ అనే సూపర్‌కంప్యూటర్ కట్టింది. వాటిలో ఎవరూ ఆట ఆడలేదు.

అర్ధరాత్రి_ఆట
1,760 కన్సోళ్లు, ఒక్క ఆటా లేదు. గుండె తరుక్కుపోతోంది.

రాగిముద్ద
పీఎస్3 లినక్స్ గురించి అందరూ గొప్పగా చెప్తున్నారు కానీ, రోజూ వాడినవాణ్ని నేను. నెమ్మది. లినక్స్‌కి దొరికేది 256 ఎంబీ ర్యామ్. గ్రాఫిక్స్ చిప్‌ని హైపర్‌వైజర్ అనే ఆ కాపలా సాఫ్ట్‌వేరు ముట్టుకోనివ్వదు, కాబట్టి తెర మీద గీసే పనంతా ప్రాసెసరే చేయాలి. పేజీ కిందకి జరిపితే ముక్కలు ముక్కలుగా జరిగేది. పీఎస్3లోని సెల్ ప్రాసెసర్ బలమంతా పక్కనున్న ఎస్‌పీఈలు అనే చిన్న లెక్కల కోర్లలో ఉంది, మామూలు బ్రౌజరుకి వాటిని వాడుకోవడం రాదు. లెక్కలకి ఏనుగంత బలం, మెయిల్ చూసుకోవడానికి మాత్రం ఓపిక కావాలి.

పాతసరుకు
@రాగిముద్ద అక్షరాలా నిజం. నేను సౌకర్యం పోవడం గురించి రాశాను, వేగం గురించి కాదు.

అర్ధరాత్రి_ఆట
నాదో సందేహం. ఎక్స్‌బాక్స్ లోపల ఉన్నది విండోసే అంటారు కదా. మరి మామూలు విండోస్ ప్రోగ్రాముల .ఈఎక్స్ఈ ఫైళ్లు ఎందుకు నడవవు?

తీగలచిక్కు
పునాది విండోసే, పైన ఉండే ఇల్లు వేరు. ఆటలు కాకుండా అందులో నడిచేవి యూడబ్ల్యూపీ అనే విడి రకం విండోస్ యాప్‌లు. డెస్క్‌టాప్ ప్రోగ్రాములకి కావలసిన భాగమే అక్కడ లేదు. డెవలపర్ మోడ్ అని అధికారికంగా ఒకటుంది, అందులో మనం కట్టుకున్న యాప్‌లు వేసుకోవచ్చు. కానీ అవీ యూడబ్ల్యూపీవే అయ్యుండాలి. ఆటల మోడ్‌కి, దీనికి మధ్య మారిన ప్రతిసారీ రీస్టార్ట్ కావాలి. యాప్ ముందు నడుస్తుంటే 1 జీబీ, వెనక్కి వెళ్తే 128 ఎంబీ మెమరీ మాత్రమే ఇస్తారు. పెట్టె మీద రాసిన 10 జీబీ చూసి ఆశపడితే లాభం లేదు. పాత కన్సోళ్ల ఆటలు నడిపే రెట్రో ఎమ్యులేటర్లకి బాగుంటుంది, ఉత్తరాలు రాసుకోవడానికి కాదు.

గోధూళి
నేను ఇక్కడ కొంచెం వేరే కేసు. దాదాపు అన్ని పనులూ స్టీమ్ డెక్ అనే చేతిలో పట్టుకునే కన్సోల్ మీదే చేస్తున్నాను. లాప్‌టాప్ లేదు. ఇది కూడా ఆటల కోసమే అమ్మే యంత్రం, 2022 ఫిబ్రవరిలో వచ్చింది. కానీ పవర్ బటన్ నొక్కి పట్టుకుంటే "స్విచ్ టు డెస్క్‌టాప్" అని ఉంటుంది. అది నొక్కితే కేడీఈ అనే లినక్స్ డెస్క్‌టాప్ తెరుచుకుంటుంది. కింద ఆర్చ్ అనే రకం లినక్స్, 16 జీబీ ర్యామ్. యూఎస్‌బీ-సి డాక్‌కి మానిటరు, కీబోర్డు, మౌస్, వెబ్‌క్యామ్ కలిపేశాను. డిస్కవర్ అనే స్టోరులోంచి ఫైర్‌ఫాక్స్, లిబ్రేఆఫీస్, గింప్ వేసుకున్నా. పెన్‌డ్రైవ్ పెడితే ఫైళ్లు కనిపిస్తాయి, ఫారాలకి కాగితాలు ఎక్కుతాయి. చిప్ మొత్తం 15 వాట్ల లోపే తింటుంది కాబట్టి రాసుకునేటప్పుడు ఫ్యాన్ చప్పుడు దాదాపు వినపడదు. సాయంత్రం డాక్ నుంచి తీసి ఒళ్లో పెట్టుకుంటే మళ్లీ గేమే.

ఇబ్బందులు లేవని కాదు. సిస్టమ్ భాగం రీడ్-ఓన్లీగా ఉంటుంది. దాన్ని తెరిచి ప్యాక్‌మ్యాన్‌తో (ఆర్చ్‌లో ప్రోగ్రాములు వేసే పనిముట్టు) ఏదైనా వేస్తే తర్వాతి అప్‌డేట్‌లో పోతుంది. ఫ్లాట్‌ప్యాక్‌గా, అంటే డిస్కవర్‌లోంచి విడి ప్యాకేజీలుగా వేసినవి, హోమ్ ఫోల్డర్‌లో ఉన్నవి మాత్రం భద్రంగా ఉంటాయి. వాటితో సరిపెట్టుకోగలిగితే ఏ టెన్షనూ లేదు. మొదట పాస్‌వర్డ్ కూడా ఉండదు, టెర్మినల్‌లో పెట్టుకోవాలి. 7 అంగుళాల తెర మీద మాత్రం ఆఫీసు పని చేయొద్దు, కళ్లు పోతాయి. మానిటరు తప్పనిసరి.

లినక్స్‌తమ్ముడు
@నెమలికంటి చూశారా, ఇందులో స్విచ్ ఉంది, ఇల్లేం కూలిపోలేదు.

నెమలికంటి
చూశాను. కానీ గోధూళి గారికి ప్యాక్‌మ్యాన్, ఫ్లాట్‌ప్యాక్ అంటే ఏంటో తెలుసు. మా అమ్మకి అది ఇచ్చి బిల్లు కట్టమంటే నాకు రోజూ ఫోనే.

గోధూళి
@నెమలికంటి ఒకసారి సర్దిపెట్టి ఇస్తే ఫరవాలేదు. మా నాన్న దాని మీదే పేపర్ చదువుతారు. ఆయనకి తెలిసిందల్లా ఫైర్‌ఫాక్స్ బొమ్మ. అప్పుడప్పుడూ పొరపాటున గేమ్ మోడ్‌కి వెళ్లి కార్ల రేసు ఆడేస్తారు, ఆ తర్వాత పేపరు సంగతి మర్చిపోతారు.

అచ్చుతప్పు
గోధూళి గారూ, తెలుగు టైపింగ్ సంగతేంటి? నాకు అసలు పని అదే. అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ కీబోర్డు పోతే నా వల్ల కాదు.

గోధూళి
పోదు. కేడీఈ సిస్టమ్ సెట్టింగుల్లో కీబోర్డు లేఅవుట్లలో "ఇండియన్" కింద తెలుగు ఉంది. అది లినక్స్‌తో పాటే వచ్చే లేఅవుట్, కొత్తగా వేయాల్సిందేం లేదు. మామూలు ఇన్‌స్క్రిప్టు, కగప ఫొనెటిక్, సరళ అని రకాలు ఉన్నాయి. నేను ఇన్‌స్క్రిప్టు వాడతాను. "కె" మీట క, "డి" మీట పొల్లు. "కె-డి-కె" కొడితే క్క. నాలుగు రోజులు చేతులు తడబడతాయి, ఆ తర్వాత ఫోన్‌లో కొట్టిన దానికంటే చాలా వేగం వస్తుంది. లేఅవుట్ మార్చడానికి ఒక షార్ట్‌కట్ పెట్టుకోండి. నచ్చిన ఫాంట్లు ఉంటే హోమ్‌లో ".లోకల్/షేర్/ఫాంట్స్" ఫోల్డర్‌లో వేసుకోండి, అవీ అప్‌డేట్‌కి చెదరవు.

ఇంగ్లీషు అక్షరాలతో కొడితే తెలుగు వచ్చే పద్ధతే కావాలంటే గూగుల్ డాక్స్‌లో ఇన్‌పుట్ టూల్స్ ఉన్నాయి, బ్రౌజర్‌లోనే అయిపోతుంది.

అచ్చుతప్పు
కగప ఉందా! అయితే సగం బాధ తీరింది.

పాతసరుకు
కన్సోల్, కీబోర్డు అంటే గుర్తొచ్చింది. నింటెండో ఫ్యామికామ్‌కి 1984లోనే ఫ్యామిలీ బేసిక్ అని కీబోర్డుతో సహా వచ్చింది. రాసిన ప్రోగ్రాముని క్యాసెట్ టేపు మీద దాచుకునేవాళ్లు. తర్వాత దాని నకళ్లు కీబోర్డు ఆకారంలోనే వచ్చాయి, కన్సోలంతా కీబోర్డు లోపలే. నేను టైపింగ్ నేర్చుకున్నది అలాంటి నకలు మీదే. పై నుంచి అక్షరాలు పడుతుంటే కింద పడకముందే ఆ మీట కొట్టాలి. ఇప్పటికీ నా వేళ్లు ఆ వేగంతోనే కదులుతాయి.

రాగిముద్ద
సెగా వాళ్ల డ్రీమ్‌కాస్ట్ కన్సోల్ కూడా మర్చిపోకండి. మోడెమ్ లోపలే ఉండేది, బ్రౌజర్ డిస్కు, కీబోర్డు, మౌస్ కూడా వచ్చాయి. మొదటి ఎక్స్‌బాక్స్ అయితే 733 మెగాహెర్ట్జ్ ఇంటెల్ చిప్, 64 ఎంబీ ర్యామ్, 8 జీబీ డిస్కు, అంటే నిజంగా చిన్న పీసీయే. జనం దాని తాళం తీసి ఎక్స్‌బీఎంసీ అనే మీడియా ప్లేయర్ చేసుకున్నారు. 2014లో పేరు మార్చుకున్న ఆ ప్లేయరే ఇప్పటి కోడి.

చిట్టిపొట్టి
పీఎస్5 ఉన్నవాళ్ల సంగతి చెప్పండి. మెనూలో బ్రౌజరే కనపడలేదు.

తీగలచిక్కు
@చిట్టిపొట్టి వెతకొద్దు, మెనూలో ఇవ్వలేదు. పీఎస్4లో ఉండేది, 5కి వచ్చేసరికి తీసేశారు. నింటెండో స్విచ్ కన్సోల్‌లోనూ మామూలు వాడకానికి బ్రౌజర్ లేదు. ఈ పనికి రెండూ పనికిరావు.

చిట్టిపొట్టి
పీఎస్4లో లినక్స్ వేయొచ్చని ఎక్కడో చదివాను?

లినక్స్‌తమ్ముడు
2015 డిసెంబరులో ఫెయిల్‌ఓవర్‌ఫ్లో అనే బృందం చేసి చూపించింది. అది పాత ఫర్మ్‌వేర్‌లో (కన్సోల్ లోపలి సాఫ్ట్‌వేరు) దొరికిన లొసుగు మీద ఆధారపడిన పని. అప్‌డేట్ అయిన కన్సోల్‌లో ఆ దారి మూసుకుపోతుంది, అప్‌డేట్ చేయకపోతే ఆన్‌లైన్ ఉండదు. పైగా రీస్టార్ట్ చేసిన ప్రతిసారీ మళ్లీ మొదటి నుంచి ఎక్కించాలి. ఆసక్తితో చేసుకోవడానికి చాలా బాగుంటుంది. రేపు ఫీజు కట్టడానికి ఆఖరు తేదీ అన్నప్పుడు మాత్రం నేనైనా దాన్ని నమ్ముకోను.

కొత్తమీట
స్కాన్ కాగితాల సమస్య అలాగే ఉంది. నిన్న ఒక ఫారం టీవీ మీద కూర్చుని మొత్తం నింపాను. చివర్లో ఫోటో, సంతకం ఎక్కించమంది. అక్కడే ఆగిపోయాను.

నెమలికంటి
చాలా సైట్లలో "సేవ్ డ్రాఫ్ట్" ఉంటుంది. కీబోర్డుతో నింపాల్సినదంతా టీవీ మీద నింపి సేవ్ చేయండి. తర్వాత ఫోన్‌లో లాగిన్ అయ్యి కాగితాలు ఎక్కించి సబ్మిట్ కొట్టండి. స్కాన్ చేసేది ఎలాగూ ఫోన్‌తోనే కదా. డ్రాఫ్ట్ లేని సైటైతే సమాధానాలన్నీ ముందు డాక్స్‌లో రాసుకుని ఫోన్‌లో కాపీ పేస్ట్ చేయండి.

గాజుతెర
ఇంకో మాట, మీ లాప్‌టాప్‌లో ఫైళ్లుండే ఎస్ఎస్‌డీ డ్రైవు బాగానే ఉండి ఉంటుంది, పోయింది మదర్‌బోర్డే కదా. దాన్ని తీసి యూఎస్‌బీ ఎన్‌క్లోజర్ అనే చిన్న డబ్బాలో పెట్టుకుంటే పాత ఫైళ్లు దొరుకుతాయి.

తీగలచిక్కు
@కొత్తమీట ఆగండి, ఇది చాలా ముఖ్యం. ఆ డ్రైవుని ఎక్స్‌బాక్స్‌కి పెట్టొద్దు! 128 జీబీ దాటిన యూఎస్‌బీ 3 డ్రైవు పెడితే "ఆటల కోసం ఫార్మాట్ చేయాలా" అని అడుగుతుంది. ఇంట్లో ఎవరో ఒకరు "అవును" నొక్కితే మీ ఫైళ్లన్నీ గల్లంతు. తెలిసినవాళ్ల కంప్యూటర్‌కి పెట్టి క్లౌడ్‌లోకి ఎక్కించుకోండి, ఆ తర్వాత బ్రౌజర్ నుంచే చూసుకోవచ్చు.

కొత్తమీట
దేవుడా, ఈ వారంలో చేద్దామనుకున్న పని సరిగ్గా అదే. డ్రైవు తీసి బీరువాలో పెట్టేశాను.

అచ్చుతప్పు
బిల్లులు కట్టేవాళ్లకి ఒక సంగతి. ఇంట్లో అందరూ ఒకే ప్రొఫైల్‌తో ఆడే కన్సోల్ అయితే బ్యాంకు పాస్‌వర్డ్ అందులో సేవ్ చేయకండి. విడి ప్రొఫైల్ పెట్టుకుని దానికి పిన్ పెట్టండి. మా వాడి స్నేహితులు వచ్చినప్పుడల్లా కంట్రోలర్ ఎవరి చేతిలో ఉంటుందో నాకే తెలియదు.

కొత్తమీట
ఇప్పటికి ఇలా తేల్చుకున్నాను. రాయడం, మెయిలు, బిల్లులు టీవీ మీద. కాగితాలు ఎక్కించడం ఫోన్‌లో. ఆ మూడు పేజీల దరఖాస్తు కీబోర్డుతో పూర్తిచేసి పంపేశాను. బొటనవేళ్లకి విశ్రాంతి దొరికింది. తర్వాత కొనేది మాత్రం డెస్క్‌టాప్ మోడ్ ఉన్న యంత్రమే, అది ఆటలదైనా సరే. గోధూళి గారూ, ఒక్క ప్రశ్న. డాక్‌కి మా టీవీనే కలిపితే సరిపోతుందా, లేక మానిటరే కావాలా?

గోధూళి
మీ టీవీ చాలు, పోర్టు పేరు ఇప్పటికే "పీసీ" అని మార్చారు కదా. కేడీఈలో డిస్‌ప్లే సెట్టింగులకి వెళ్లి స్కేల్ 150 శాతం పెట్టుకోండి, సోఫాలోంచి కూడా చదవొచ్చు. ఓఎల్ఈడీ అయితే కింద పట్టీని ఆటో-హైడ్ చేయండి.

అర్ధరాత్రి_ఆట
ఆ కార్ల రేసు పేరేంటో గోధూళి గారు చెప్పనేలేదు.

గోధూళి
నాన్నని అడిగి చెప్తా. ప్రస్తుతం డెక్ ఆయన దగ్గరే ఉంది.